చీలింది... విడిపోలేదు!

డ్రిల్లు ఆగింది.

చెవుల్లో హోరు మాత్రం ఆగలేదు. బెజ్జం నోట్లోంచి లేచిన తెల్లటి పొడి మెల్లగా బూట్ల మీదికి దిగుతోంది. వేడెక్కిన రాయి వాసన ముక్కుకి తగులుతోంది. అతను వంగాడు. బెజ్జంలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. అవతలి చివర వెలుతురు చుక్క. బాగానే దిగింది. ఇప్పుడు దీని పక్కన ఇంకోటి వెయ్యాలి. మామూలు బండయితే బెత్తెడు జరిగి, అదే వాలులో దింపేస్తే సరిపోయేది. ఇక్కడ అలా కుదరదు. రెండో బెజ్జం మొదటిదానికంటే పిసరంత వంగాలి. మూడోది ఇంకో పిసరు. అలా వంగుతూ, వంగుతూ, రాయి చుట్టూ పూర్తిగా తిరిగి, చివరి బెజ్జం మొదటి బెజ్జం పక్కకి చేరేసరికి రెండిటి వాలూ కచ్చితంగా కలిసిపోవాలి. కలవకపోతే?

అక్కడ నిలబడి చూస్తున్నవాళ్లు దారినపోయే జనం కాదు. లెక్కల ప్రొఫెసర్లు, ఆర్కిటెక్టులు, శిల్పులు. ఈ రాయి చీలితే ఎన్ని ముక్కలవుతుందో, ఆ ముక్కలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో వాళ్లలో చాలామందికి ముందే తెలుసు. కాగితం మీద రుజువై ఎన్నేళ్లయిందో! రుజువులో అనుమానానికి చోటు లేదు. అనుమానమల్లా రాయి మీదే. దాని లోపల ఎక్కడ నెర్రె దాక్కుందో ఏ సూత్రమూ చెప్పదు.

అది 1999 జూన్. స్పెయిన్ ఉత్తరపు అంచున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న శాన్ సెబాస్టియన్. చిరుజల్లులు ఆ ఊరికి అలవాటే. రాయి కూడా వాళ్లకి అంతే అలవాటు. బాస్క్ ప్రజలది ఆ నేల. తిరనాళ్లలో వాళ్ల మొనగాళ్లు గుండ్లు భుజాలకెత్తి పందేలు వేసుకుంటారు. ఊరి నడిమధ్య ఎడ్ల జతల చేత బండలు లాగిస్తారు. ఒంగోలు గిత్తల బండలాగుడు చూస్తూ పెరిగినవాళ్లకి ఆ పందెం మైదానంలో తెలియనిది భాష ఒక్కటే. ఊరికి పడమటి కొసన, కొండ సముద్రంలోకి దిగేచోట, ఎడ్వార్డో చియీదా అనే ఆ ఊరి శిల్పి మూడు భారీ ఉక్కు పంజాలను బండల్లోకి దిగేశాడు. ‘గాలి దువ్వెన’ అని పేరు. 1977 నుంచీ అలలు వాటిని కొడుతూనే ఉన్నాయి. వాటి ముందున్న గ్రానైట్ అరుగులో బెజ్జాలుంటాయి. కింద అల దూసుకొచ్చినప్పుడల్లా వాటిలోంచి గాలి బుస్సున ఎగదన్నుతుంది. పిల్లలు కేకలు పెడతారు.

అలాంటి ఊరికి, రాయితో ఏదో చేసి చూపిస్తానని జపాన్ నుంచి ఒకాయన వచ్చాడు.

పేరు కెయిజో ఉషియో. 1951లో పుట్టాడు. హ్యోగో ప్రాంతంలోని ఫుకుసాకి ఆయన ఊరు. గ్రానైట్‌ను మెలితిప్పి కొయ్యడం ఆయన పని. అలా కోసిన రాళ్లలో చాలావాటికి ఒకటే పేరు పెడుతుంటాడు: ‘ఓషి జోకెయ్’. పక్కన ఏడాది అంకె మార్చుకుంటూ పోవడమే. ఈసారి ఆయన్ని పిలిచింది గణిత సదస్సు. కళనీ గణితాన్నీ ఆర్కిటెక్చర్‌నీ ఒక గదిలో కూర్చోబెట్టాలని పట్టుబట్టిన నాట్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ ప్రొఫెసరు దీని వెనకున్నాడు. ఆయన స్వయంగా రాయి చెక్కే మనిషి. 1992లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఇలాంటి సభలు మొదలుపెట్టాడు. ఇప్పుడు బాస్క్ విశ్వవిద్యాలయంలో హవియెర్ బరాయో చెయ్యి కలిపాడు. జూన్ 7న మొదలైంది సదస్సు. 11తో అయిపోతుంది.

లోపల గదుల్లో స్లైడ్లు మారుతున్నాయి. తెర మీద గీతలు వంకర్లు తిరుగుతున్నాయి. బయట రాయి మీద అదే గీత తిరగాలి. లోపల తప్పు గీస్తే చెరిపెయ్యొచ్చు.

ఇంతకీ ఆ గీత ఏమిటి?

పాత న్యూస్‌పేపరు తీసుకుని పొడుగ్గా ఒక పట్టీ కత్తిరించండి. రెండు కొసలూ కలిపి జిగురు పెడితే కడియం. ఆ కడియాన్ని నడిమధ్యగా, పొడవునా కత్తిరిస్తే రెండు సన్నటి కడియాలు. ఇందులో వింతేం లేదు. రెండో పట్టీ తీసుకోండి. ఈసారి కొసలు కలిపేముందు ఒకదాన్ని సగం మెలి తిప్పి అతికించండి. నడిమధ్యగా కత్తిరించండి. రెండవుతుందనుకుంటాం. అవ్వదు. రెండింతల పొడుగున ఒకే కడియం చేతికొస్తుంది. మూడో పట్టీకి పూర్తి మెలి తిప్పండి. కత్తిరించండి. ఇప్పుడు రెండొస్తాయి. కానీ గొలుసు లంకెల్లా ఒకదాంట్లోంచి ఒకటి దూరి ఉంటాయి. చింపితే తప్ప విడిపోవు. పాశ్చాత్య దేశాల మెజీషియన్లు ‘ఆఫ్ఘన్ బ్యాండ్స్’ అని ఈ మూడు పట్టీలతోనే ఎన్నో ఏళ్లు చప్పట్లు కొట్టించుకున్నారు. సగం మెలి పట్టీని 1858లో ఇద్దరు జర్మన్లు, మోబియస్, లిస్టింగ్, ఎవరికి వాళ్లే కనిపెట్టారు. పేరు మోబియస్‌కి దక్కింది. ముందుగా అచ్చులో పెట్టింది లిస్టింగ్, పాపం.

కాగితానికి మందం లేనట్టే. తప్పు కోస్తే ఇంకో పట్టీ. ఉషియో ముందున్నది గ్రానైట్.

ఆ రాయిని ఆయన ముందు గారె ఆకారానికి తెచ్చాడు. గారెని ఎక్కడ అడ్డంగా తుంచినా గుండ్రటి ముఖం కనపడుతుంది కదా, ఆ గుండ్రం మధ్యలోంచి ఒక గీత ఊహించుకోండి. అదే కత్తి. ఆ కత్తి గారె చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యాలి. చేస్తూ చేస్తూ తన చుట్టూ తాను కూడా తిరగాలి. పావు దూరం వెళ్లేసరికి పడుకున్న కత్తి నిటారుగా లేవాలి. సగం దూరంలో మళ్లీ పడుకోవాలి, కానీ తిరగబడి. ముప్పావు దగ్గర తలకిందులుగా నిలబడాలి. బయల్దేరిన చోటికి వచ్చేసరికి పూర్తిగా ఒక చుట్టు, 360 డిగ్రీలు, తిరిగి ఉండాలి. ప్రదక్షిణ మొత్తంలో కత్తి 180 డిగ్రీలే తిరిగితే రాయి అంతా కోసినా ఒకే ముక్కగా మిగులుతుంది. పై సగం అనుకున్నది ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కింది సగమైపోతుంది మరి! 360 అయితే రెండు ముక్కలు. రెండూ అచ్చు ఒకే రూపం, ఒకే బరువు. ఒకదాని కడుపులోంచి ఇంకోటి.

ఇది రుజువు చెప్పే మాట. రాయి చెప్పే మాట వేరే ఉంటుంది.

గ్రానైట్ అంటే క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని గడ్డకట్టిన రాయి. క్వార్ట్జ్ గింజ మీద మామూలు ఉక్కుతో గీత కూడా పడదు. ఘనమీటరు రాయి రెండున్నర టన్నుల పైమాటే. పైనుంచి ఎంత బరువేసినా ఓర్చుకుంటుంది. కానీ రెండు పక్కలా పట్టి లాగితే ఓర్చుకోలేదు. అదుముడుకి నిలబడే బలంలో పదో వంతుకి అటూఇటూగా ఉంటుంది, లాగుడుకి నిలబడే బలం. రాయి కొట్టే పనంతా ఈ ఒక్క బలహీనత మీదే నడుస్తుంది. చీమకుర్తిలోనో కరీంనగర్‌లోనో క్వారీకి వెళ్లి చూడండి. వరసగా బెజ్జాలు వేస్తారు. ఒక్కో బెజ్జంలో రెండు ఇనప రేకులు, వాటి మధ్య ఒక చీల. వరసన కొట్టుకుంటూ పోతారు. రాయి ఆ వరస వెంటే తెగుతుంది. అక్కడ గీత తిన్నగా ఉంటుంది కాబట్టి పగులుకీ తిన్నగా పోవడమే సుఖం.

ఇక్కడ గీత మెలికలు తిరిగింది. పగులు మాత్రం ఎప్పుడూ అడ్డదారే వెతుకుతుంది. తనకి దగ్గర్లో ఉన్న అంచు ఏదో చూసుకుని అటు దూకుతుంది. ఒక్కచోట అలా దూకిందంటే కడియం తెగిపోతుంది. తెగిన కడియంతో గొలుసు ఉండదు. పని మొత్తం పోయినట్టే.

గారె రూపం రావడమే ఒక యుద్ధం. గ్రానైట్ గుండ్రం అంటే ముందు పలకలు తియ్యడం. నాలుగు పలకల బండ ఎనిమిది పలకలవ్వాలి, ఎనిమిది పదహారవ్వాలి, ఆ తర్వాతే గుండ్రం. మన గుడి స్తంభాలు చెక్కే స్థపతులూ ఇదే వరస పాటిస్తారు. అంచుల దగ్గర డైమండ్ రంపంతో వేలెడు దూరంలో పక్కపక్కనే గాట్లు పెట్టుకుంటూ పోతారు. గాటుకీ గాటుకీ మధ్య పల్చటి రాతి పలక నిలబడి ఉంటుంది. సుత్తితో పక్కనుంచి ఒక్క దెబ్బ. పలక ఠప్పున విరిగి ఎగురుతుంది. మళ్లీ గాటు. మళ్లీ దెబ్బ. రంపం మీద నీళ్లు పోస్తూనే ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది, రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చేరిన సిలికా పొడి ఇక బయటికి రాదు. నీళ్లూ పొడీ కలిసి బూడిదరంగు బురద. అది బూట్లకి, చేతులకి, కనురెప్పలకి అంటుకుని ఆరిపోయి బిగుసుకుంటుంది. మధ్యలో చిల్లు పడాలి. ఆ చిల్లు లోపలి గోడ కూడా బయటి గోడంత నునుపుగా వంపు తిరగాలి. చెయ్యి దూరని చోట గ్రైండరు దూరాలి. గంటల తరబడి గ్రైండరు పట్టుకున్న చేతికి తర్వాత టీ కప్పు పట్టుకున్నా వణుకు తెలుస్తుంది.

అప్పటికి తయారైంది గారె మాత్రమే. అసలు పని ఇంకా మొదలు కాలేదు.

రాయి మీద గీత పడింది. గీత ఒకటి కాదు, నిజానికి రెండు. కత్తికి రెండు అంచులుంటాయి కదా, రాయి పైకి ఒక అంచు ఒకచోట, రెండో అంచు సరిగ్గా దానికి ఎదురుగా తేలతాయి. రెండు గీతలూ ఒకదాని వెనక ఒకటి రాయిని చుట్టుకుంటూ పోతాయి, ఎప్పుడూ తాకవు. ఒక గీత మీద మొదలుపెట్టిన బెజ్జం రాయి గర్భంలోంచి దూసుకెళ్లి, రెండో గీత మీద సరిగ్గా తేలాలి. పక్కకి వేలెడు తేలినా లోపల కత్తి వంకర పోయినట్టే.

మొదటి బెజ్జం. కంప్రెసర్ గర్జించింది. బిట్టు రాయి మీద ఒక్క క్షణం జారి, కరిచి పట్టుకుంది. భుజాలు అదిరాయి. పొడి చిమ్మింది. దిగింది. రెండోది. పిసరు వాలు. దిగింది. మూడోది. ఎదుట ఉన్నవాళ్లలో కొందరు చెవులు మూసుకున్నారు, కళ్లు మాత్రం మూసుకోలేదు. కాసేపటికి డ్రిల్లు పట్టిన చేతి వాలు మారడం వాళ్లకి స్పష్టంగా కనపడసాగింది. పక్కనుంచి పొడిచిన డ్రిల్లు పైకి లేస్తోంది, లేచి లేచి నిటారుగా నిలబడింది, ఆపైన రాయికి అవతలి వైపు వాలడం మొదలెట్టింది, రాయి కదలకుండా కూర్చుంది కాబట్టి మనిషే దాని చుట్టూ తిరుగుతూ, వంగుతూ, మోకాళ్ల మీద కూర్చుంటూ, నడుం వెనక్కి వంచుతూ, ఏ కోణంలో పట్టుకుంటే డ్రిల్లు బరువు చేతుల మీద పడకుండా రాయి మీద పడుతుందో వెతుక్కుంటూ, కాగితం మీద ఒక చిన్న సమీకరణంలో ఇమిడిపోయే మెలికని ఒంటితో తిరుగుతున్నాడు. గణితంలో ఇవేవీ లేవు. అక్కడ నడుం నొప్పి ఉండదు.

లోపలి వైపు అసలు గండం. గారె బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది. అన్ని బెజ్జాలూ గారె నడి కండలోంచే పోతాయి. కానీ బయట తేలినచోట దూరం దూరంగా, చిల్లు వైపు తేలినచోట ఇరుకిరుగ్గా ఉంటాయి. బయట ఎడం ఎక్కువైతే పగులు దారి తప్పుతుంది. లోపల ఎడం తగ్గితే రెండు బెజ్జాల మధ్య రాయి పల్చబడి, చీల పెట్టకముందే నలిగి రాలిపోతుంది. ఎక్కడ సమంగా వెయ్యాలి? ఎంత దూరంలో వెయ్యాలి? దీనికి సూత్రం దొరకదు. ఏళ్ల తరబడి రాళ్లు పగలగొట్టిన చెయ్యి చెప్పాలి.

బెజ్జాల వరస రాయిని సగం చుట్టేసింది. ముప్పావు చుట్టేసింది. ఇప్పుడు ఆగడానికి లేదు. ఆపితే ఆ రాయి ఎందుకూ పనికిరాదు, చిల్లులు పడ్డ గారె.

కంచి వరదరాజస్వామి గుళ్లో మండపం మూలల నుంచి వేలాడే రాతి గొలుసుల్ని చూసినవాళ్లు తెలుగువాళ్లలోనూ ఉంటారు. ఒకే రాతిలోంచి తీసిన లంకెలు. ఎక్కడా అతుకు లేదు. అవి చెక్కినవాళ్లు లంకెకీ లంకెకీ మధ్యనున్న రాయిని ఉలితో ఓపిగ్గా తవ్వి తీసేశారు. అంటే అక్కడ లంకె పుట్టింది తీసేసిన రాయి వల్ల. శాన్ సెబాస్టియన్‌లో చెయ్యబోయేది అందుకు భిన్నం. బెజ్జాల్లోంచి పోయిన పొడి తప్ప ఇక్కడ తీసేసే రాయి లేదు. రెండు లంకెలూ ఇప్పటికే రాయిలో ఉన్నాయి, ఒకదానికొకటి అంటుకుని, మధ్యన వెంట్రుక దూరే సందు కూడా లేకుండా. చీలిక ఒక్కటి పడితే చాలు. ఆ చీలిక మాత్రం ఉలి మాట వినదు, తన మానాన తాను పోతుంది.

చివరి బెజ్జం దిగింది. మొదటిదాని పక్కన. వాలు కలిసింది.

కంప్రెసర్ ఆపేశారు. అప్పటిదాకా వినపడని చప్పుళ్లన్నీ ఒక్కసారిగా వినపడ్డాయి. దూరంగా బస్సు హారన్. ఎవరిదో కెమెరా క్లిక్కు. బూటు కింద నలిగిన రాతి ముక్క.

ఇక చీలలు. బెజ్జానికొకటి చొప్పున చేత్తోనే గుచ్చి, రేకుల మధ్య కూర్చోబెట్టాలి. తర్వాత సుత్తి. కోపంగా కొట్టకూడదు. ఒక్కదాన్నే గట్టిగా దిగ్గొట్టారంటే ఆ ఒక్కచోటే రాయి నోరు తెరుస్తుంది, అడ్డదారి పడుతుంది. అన్నిటికీ తలా ఒక దెబ్బ. మళ్లీ మొదటి నుంచి తలా ఒకటి. పనివాడి కళ్ల కంటే చెవులకి ఎక్కువ పని ఇప్పుడు. వదులుగా ఉన్న చీల మొద్దుగా మోగుతుంది, టక్కుమని. బిగిసేకొద్దీ గొంతు సన్నబడుతుంది, టింగుమని. వరసలో ఒకటి మొద్దుగా, పక్కది సన్నగా పలికితే రాయి లోపల బరువు సమంగా పడలేదని అర్థం.

టక్. టక్. టక్. ఒక చుట్టు.

ఇంకో చుట్టు. గొంతు కాస్త మారింది.

మధ్యలో ఆగాలి. ఊరికే నిలబడాలి. కొత్తవాళ్లకి అర్థం కాని సంగతి ఇదే. సుత్తి దించేసిన తర్వాత కూడా రాయి లోపల పని జరుగుతూనే ఉంటుంది. చీలల ఒత్తిడికి గింజా గింజా మెల్లగా లొంగుతూ ఉంటాయి. తొందరపడి ఇంకో దెబ్బ వేస్తే ఆ లొంగుబాటు అడ్డం తిరుగుతుంది. చూసేవాళ్లకి మాత్రం ఆ నిముషాలు భరించలేనంత పొడుగ్గా ఉంటాయి. కార్లో సెకాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ సదస్సుకి వచ్చాడు, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నుంచి. వంకర ఆకారాల్ని కంప్యూటర్‌లో పుట్టించి, యంత్రంతో ప్లాస్టిక్ బొమ్మలుగా తీయడం ఆయన విద్య. ఆ యంత్రం ఒక్కో పొరా పేర్చుకుంటూ పోతుంది. పొర సరిగా రాకపోతే రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ రాయికి రెండో అవకాశం లేదు.

మళ్లీ సుత్తి లేచింది. టింగ్. టింగ్. టింగ్. అన్ని చీలలూ ఇప్పుడు ఒకే శ్రుతిలో పలుకుతున్నాయి.

చిట్లిన చప్పుడు.

పెద్దదేం కాదు. ఎదురుచూడనివాడికి వినపడదు కూడా. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య జుట్టంత నల్లగీత పాకింది. పాకి, పక్క బెజ్జంలో దూరింది. అక్కడి నుంచి ఇంకోదానికి. ఇటు నుంచి అటు, పై నుంచి పక్కకి, పక్క నుంచి కిందికి. ప్రొఫెసర్లు పెద్దమనుషుల్లా నిలబడ్డవాళ్లు కాస్తా గొంతుకూర్చున్నారు. ఆ గీత ఎక్కడా బెజ్జాల దారి తప్పలేదు. తిరిగి తిరిగి తన తోకని తానే పట్టుకుంది.

అయినా ఇంకా తేలలేదు. పైకి కనపడే గీత కలిసింది సరే. లోపలో? నడి కండలో ఎక్కడైనా అరచేతి మందాన రాయి తెగకుండా మిగిలి ఉంటే ఎత్తినప్పుడు ఆ ముక్కే మెడ విరిచేస్తుంది. ఎత్తి చూడటమొక్కటే దారి.

చేతులకి లొంగే బరువు కాదది. పట్టీలు వేసి, బరువు మెల్లగా తీసుకోవాలి. పట్టీ బిగిసింది. రాయి కదల్లేదు. ఇంకాస్త బిగిసింది. సందులోంచి పొడి రాలింది, సన్నగా. ఒక సగం లేచింది. బెత్తెడు. రెండోది కిందే ఉంది. లేచిన సగం ఇంకా పైకి పోబోయింది, పోలేకపోయింది. రెండోది దాన్ని పట్టుకుంది. రాయి రాయికి ఒరుసుకుని కీచుమంది.

చీలింది. విడిపోలేదు.

చప్పట్లు కొట్టాలని ఎవరికి తోచినా తోచకపోయినా, అక్కడున్న లెక్కల మనుషులకి అదొక చిత్రమైన ఘడియ అయ్యుండాలి. వాళ్లకి జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబుని ఇంత బరువైన మొండి రాయి ఒప్పుకోవడం మాత్రం కొత్త.

ఉషియో అక్కడితో వదల్లేదు. రెండు ముక్కల్నీ చీలినవి చీలినట్టే గారెగా నిలబెడితే చూసేవాడికి అదొక గీతలు గీసిన రాయి. ఒకదాన్ని రెండోదాంట్లోంచి తిప్పాడు. లంకె లంకెలోనే జారింది. ఒకటి ఇటు, ఒకటి అటు తెరుచుకున్నాయి. పక్కపక్కన రెండు కడియాలు, మధ్యలో ఒకదాంట్లోంచి ఒకటి. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎనిమిది. జాన్ వాలిస్ 1655లో అనంతానికి గుర్తుగా వాడిన బొమ్మ. ఆ భంగిమలోనే రాయిని బిగించాడు. ఒక్క గారె పోయి అనంతం వచ్చింది, రాయి మాత్రం అదే రాయి.

ఆ తర్వాత సెకాన్ ఊరుకోలేకపోయాడు. గారెని ఇంకెన్ని రకాలుగా చీల్చొచ్చో కూర్చుని లెక్క తీశాడు. కత్తిని 360 దగ్గర ఆపకుండా 540 డిగ్రీలు తిప్పితే? అప్పుడు మళ్లీ ఒకే ముక్క వస్తుంది, కాకపోతే ఆ ముక్క మూడు రెక్కల ముడి పడి ఉంటుంది, విప్పలేని ముడి. రెండంచుల కత్తికి బదులు మూడు రెక్కల కత్తి వాడి, మూడో వంతు చుట్టు మాత్రం తిప్పితే? ఒకే ముక్క మూడు ప్రదక్షిణలు చేస్తుంది. గారెకి బదులు అసలు ముడినే చీలిస్తే? 2005లో కెనడాలోని బాన్ఫ్‌లో కళ, గణితాల సదస్సు జరిగింది. అక్కడ ఇవన్నీ ఒక పత్రంగా చదివాడు. దానికి పురిగొల్పింది ఉషియో రాళ్లేనని ఆ పత్రమే చెబుతుంది. మామూలుగా గణితం ముందు నడుస్తుంది, శిల్పం వెనక వస్తుంది. ఇక్కడ వరస తారుమారైంది.

2006 ఆగస్టులో మాడ్రిడ్. ప్రపంచ గణిత మహాసభ. లోపల ఫీల్డ్స్ మెడళ్లు ఇస్తున్నారు. ఆకారాల గణితంలో వందేళ్ల నాటి చిక్కుముడి విప్పిన రష్యన్, గ్రిగరీ పెరెల్మాన్, మెడల్ వద్దన్నాడు, అసలు రానే లేదు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే మహాసభ దగ్గర ఉషియో జనం చూస్తుండగా ఇంకో గ్రానైట్ గారెతో కుస్తీ పడుతున్నాడు.

ఇలాంటి శిల్పం దగ్గరికి వచ్చినవాళ్లు చేసే మొదటి పని అతుకు వెతకడం. రెండు కడియాలు విడివిడిగా చెక్కి ఉంటారు, ఒకదాన్ని ఎక్కడో తెంచి, రెండోదాంట్లోంచి దూర్చి, రాతి రంగు జిగురు పెట్టి ఉంటారు. ఎవరికైనా తోచేది అదే. కడియం వెంట వేలు పెట్టి చుట్టూ తిరుగుతారు. బయటి వైపు నున్నగా జారిపోతుంది వేలు. చీలిన లోపలి ముఖం మీద మాత్రం గరగరలాడుతుంది, వరసగా పల్లాలు తగులుతాయి, ఒక్కో పల్లం ఒక్కో బెజ్జానిది. రెండో కడియం మీదా అదే వరస. ఈ కడియం మీద ఉన్న ప్రతి పల్లానికీ ఆ కడియం మీద జత దొరుకుతుంది. డ్రిల్లు దింపినప్పుడు ఒకటే బెజ్జం, చెరో సగం పంచుకున్నాయి.